ముందుగా గోల్ కొట్టొద్దు: ఇంగ్లండ్ జట్టుకు ఒక మనవి

2026 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ క్వాలిఫయర్స్‌లో ఇంగ్లండ్ 8 మ్యాచ్‌లాడి ఎనిమిదీ గెలిచింది. 22 గోల్స్ కొట్టింది, ఒక్కటీ ఇవ్వలేదు. అభిమానులు మురిసిపోతున్నారు. లోతు తెలిసినవాళ్ల గుండెల్లో మాత్రం రాయి పడింది. గోల్ ఇచ్చే అలవాటే తప్పిపోయిన ఇంగ్లండ్ ఇక కప్పేం గెలుస్తుంది?

లెక్క చూడండి. 1996 యూరో (యూరప్ దేశాల కప్పు) సెమీస్‌లో జర్మనీ మీద షియరర్ 3వ నిమిషంలోనే కొట్టేశాడు. ఓడారు. 2018 వరల్డ్ కప్ సెమీస్‌లో క్రొయేషియా మీద ట్రిపియర్ 5వ నిమిషంలో ఫ్రీకిక్‌తో కొట్టాడు. ఓడారు. 2021లో వెంబ్లీలో జరిగిన యూరో ఫైనల్లో ఇటలీ మీద షా ఇంకా ఆత్రపడి 2వ నిమిషంలోనే కానిచ్చాడు. సొంతగడ్డ మీదే ఓడారు. మరి 1966 ఫైనల్? 12వ నిమిషంలో పశ్చిమ జర్మనీ ఆటగాడు హాలర్ ముందు కొట్టాడు. ఇంగ్లండ్ 4-2తో గెలిచింది. పురుషుల జట్టుకున్న ఒకే ఒక్క వరల్డ్ కప్పు అలా వెనకబడి తెచ్చుకున్నదే.

ఇందులో మాయేమీ లేదు. ఇల్లలకగానే పండగ అనుకోవడమే జబ్బు. గోల్ పడగానే రెండు అంచుల్లో ఆడే వింగ్‌బ్యాక్‌లిద్దరూ వెనక్కి జరుగుతారు. ముగ్గురు డిఫెండర్లు కాస్తా అయిదుగురవుతారు. వాళ్లకు తోడుగా మిడ్‌ఫీల్డర్లు కూడా పెనాల్టీ బాక్స్ ముందుకొచ్చి బైఠాయిస్తారు. ముందు స్ట్రైకర్ కేన్ ఒక్కడే మిగులుతాడు. వెనక నుంచి భయంతో బాదిన బంతి తిన్నగా అవతలి సెంటర్‌బ్యాక్ కాళ్ల దగ్గర పడుతుంది, క్షణాల్లో తిరిగొస్తుంది. ఇలా గంటసేపు. 2018లో 68వ నిమిషాన కుడివైపు నుంచి క్రొయేషియా వర్సాల్కో క్రాస్ వేశాడు. మన వాకర్ వంగి తల పెట్టేలోపే వాళ్ల పెరిసిచ్ అతని తల ఎత్తుకు కాలు లేపి బంతిని లోపలికి తోశాడు. 2021లో 67వ నిమిషాన కార్నర్. ఇటలీ వెరాటీ హెడర్‌ను గోల్‌కీపర్ పిక్‌ఫర్డ్ పోస్టు మీదికి నెట్టాడు, తిరిగొచ్చిన బంతి దగ్గర వాళ్ల బొనూచీ కాచుకుని ఉన్నాడు. రెండు కూలడాలకూ ఒక్క నిమిషమే తేడా. రైల్వే వాళ్లు చూసి నేర్చుకోవాలి.

2024 యూరోలో దేవుడు దారి చూపించాడు. నాకౌట్లో నాలుగు మ్యాచ్‌ల్లోనూ ఇంగ్లండే ముందు గోల్ ఇచ్చుకుంది. స్లొవేకియాకు 25వ నిమిషంలో ఇచ్చింది, 95వ నిమిషంలో బెల్లింగ్‌హామ్ గాల్లో వెనక్కి తిరిగి తన్నాడు, గెలిచింది. స్విట్జర్లాండ్‌కు 75లో, నెదర్లాండ్స్‌కు 7లో ఇచ్చింది, గెలిచింది. ఫైనల్లో స్పెయిన్‌కు కూడా శాస్త్రోక్తంగానే ఇచ్చింది, పామర్ సమం చేశాడు. చెడిందెక్కడంటే 86వ నిమిషంలో రెండోసారి ఇచ్చింది. 2022 వరల్డ్ కప్‌లో ఫ్రాన్స్ చేతిలోనూ ఇదే: రెండోసారి వెనకబడ్డాక కేన్ పెనాల్టీని బార్ పైనుంచి పంపాడు. మందు మంచిదే, మోతాదు మించింది.

2021లో ఉక్రెయిన్ మీద 4వ నిమిషంలో కొట్టి 4-0తో గెలవలేదా అని కొందరు అడుగుతారు. అది క్వార్టర్స్. ఈ జబ్బు బయటపడేది సెమీస్‌కు వెళ్లాకే.

కాబట్టి కోచ్ టుషెల్ గారు చేయాల్సింది ఇది. సెమీస్, ఫైనల్ రెండింట్లోనూ 7 నుంచి 20వ నిమిషం మధ్య ఒక గోల్ ఇవ్వాలి. ఈసారి ప్రతి సగంలోనూ 22వ నిమిషం దగ్గర 3 నిమిషాల నీళ్ల విరామం పెట్టారు. గోల్ అంతకు ముందే పడితే తిట్టడానికి సరిపడా టైం దొరుకుతుంది. కార్నర్‌లో ఇస్తే మేలు, తప్పు ఏ ఒక్కడి నెత్తినా పడదు. సాధనకు గ్రూప్ దశలో ఘనా, పనామా ఉన్నాయి. మొదటి ప్రత్యర్థి మాత్రం జూన్ 17న డాలస్‌లో ఆ క్రొయేషియానే. అక్కడి మన తెలుగువాళ్లు స్టేడియానికి వెళ్తే, మొదటి పది నిమిషాల్లో కేన్ కాలికి బంతి చిక్కినట్టే కనిపిస్తే గట్టిగా అరిచి వారించాలని విన్నపం.

ఇంత చెప్పినా ఎవడో కుర్రాడు ఫైనల్లో 2వ నిమిషంలో కొట్టేశాడనుకోండి. అప్పుడు వెంటనే రెండు ఇచ్చేయాలి. ఒకటి సమం కావడానికి, ఇంకొకటి వెనకబడటానికి. వెనకబడింది ఒక్కసారే కాబట్టి మోతాదు దాటదు.