మూడు చుక్కలకు ఒక ఓటరు విన్నపం

మహారాజశ్రీ మూడు నక్షత్రాల గుర్తు (***) గారికి,

టొరంటో శివారు నుంచి ఒక తెలుగు ఓటరు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

2024 జూన్ 3న జాతీయ భద్రత, నిఘాపై వేసిన పార్లమెంటు సభ్యుల కమిటీ నివేదిక బయటికి వచ్చినప్పుడు తమ దర్శనభాగ్యం కలిగింది. కెనడా ప్రజాప్రతినిధుల్లో కొందరు విదేశాల పని చేసిపెట్టారట, తెలిసో, సగం తెలిసో. ఎవరా మహానుభావులని ఆత్రంగా పేజీ తిప్పితే, పేరుండాల్సిన చోట తమరు. దేశముండాల్సిన చోటా తమరే. పట్టపగలు చుక్కలు చూడటమంటే ఏమిటో ఆ పూట తెలిసింది.

సగం తెలిసి చేయడం ఎలాగో మాత్రం నాకింకా అంతుపట్టలేదు. పక్కింటి మామిడి కొమ్మ మన గోడ మీదికి వాలినప్పుడు కాయ కోసేవాడి పరిస్థితి కాబోలు.

గుమ్మడికాయల దొంగంటే దొంగ ఒక్కడే భుజాలు తడుముకోవాలి. తమ చలవ వల్ల అప్పటి 338 స్థానాల దిగువ సభలో ఉన్నవాళ్ళంతా తడుముకున్నారు.

తమ వెనక ఏముందో చదివే వీలు, భద్రతా అనుమతి తీసుకున్న పార్టీల అధినేతలకు దొరికింది. గ్రీన్ పార్టీ ఎలిజబెత్ మే చదివి, హమ్మయ్య అన్నారు. రెండు రోజులకే ఎన్‌డీపీ (న్యూ డెమొక్రటిక్ పార్టీ) అప్పటి నేత జగ్‌మీత్ సింగ్ అదే నివేదిక చదివి, భయం ఇంకా పెరిగిందన్నారు. కన్సర్వేటివ్ నేత పియర్ పొయిలివ్ర్ అసలు చదవనన్నారు, చదివితే నోరు కట్టేస్తారట. అక్టోబరులో అప్పటి ప్రధాని ట్రూడో, విదేశీ జోక్యంపై జరిగిన విచారణలో ప్రమాణం చేసి మరీ కన్సర్వేటివ్‌ల పేర్లు తన దగ్గర ఉన్నాయన్నారు. గట్టిగా అడిగితే తన పార్టీ వాళ్ళూ ఉన్నారన్నారు. ఒక్క పేరైనా పెదవి దాటలేదు.

చివరికి 2025 జనవరి 28న ఆ విచారణ జరిపిన జస్టిస్ ఓగ్ ఏడు సంపుటాలు రాసి, పార్లమెంటులో ద్రోహులెవరూ కనిపించలేదని, కమిటీ కొన్నిచోట్ల ఉన్నదానికన్నా ఎక్కువ చెప్పిందని తేల్చారు. దాదాపు ఎనిమిది నెలలు తడుముకున్న భుజాల సంగతి ఏ సంపుటంలో ఉందో వెతుకుతున్నాను.

అన్నట్టు, జోక్యం చేసుకునే దేశాల్లో చైనా తర్వాతి స్థానం కమిటీ భారతదేశానికి ఇచ్చింది. ఢిల్లీ కాదంది. అయినా ఆఫీసులో కాఫీ యంత్రం దగ్గర ఒకాయన, "మీ వాళ్ళేనటగా?" అన్నాడు. నేను పుట్టిన ఊళ్ళో బస్టాండుకే సరైన కప్పు లేదు, మా వాళ్ళు ఇక్కడి ఎన్నికలు నడిపిస్తారా అందామనుకున్నాను. కానీ తమ పద్ధతే మేలనిపించి, కాఫీ కలుపుకుంటూ మాట మింగేశాను.

2025 ఏప్రిల్ ఎన్నికలకు ముందు ఒక అభ్యర్థి మా గుమ్మంలోకి వచ్చాడు. మంచు కరిగిన బురద బూట్లు, చేతిలో కరపత్రం. "ఆ నివేదికలో మీ పేరు లేదుగా?" అని నవ్వుతూ అడిగాను. ఆయనా నవ్వి కరపత్రం చేతిలో పెట్టి వెళ్ళాడు. పన్ను తగ్గిస్తామన్న వాక్యం చివర తమరు ఒంటరిగా, ఒకే ఒక్క చుక్కగా కనిపించారు. మిగతా ఇద్దరూ క్షేమమేనా?

ఇట్లు,
సగం తెలిసి ఓటేసినవాడు