కొల్లేరులో "రెండడుగులే కదా" అంటున్న సందేశానికి జవాబు

కొల్లేరు గురించి "పర్యావరణవాదులు దాచిన నిజాలు" అనే వాట్సాప్ సందేశాన్ని ఈమధ్య నాకు పంపని మిత్రుడు లేడు. పంపిన వారిలో ఏలూరు, కైకలూరు ప్రాంతాలలో పుట్టి పెరిగినవారు కూడా ఉండడం వల్లనే దీనిని చూసీ చూడనట్లు వదిలేయలేకపోతున్నాను. సందేశం చెప్పేది ఇది: అభయారణ్యాన్ని విదేశీయులు మన నెత్తిన రుద్దారు, కొల్లేరు ఎప్పుడో చచ్చిపోయింది, చేపల చెరువుల పుణ్యాన పక్షులు పెరిగాయి, చెరువులో ఉండేదీ నీరే గనుక వరదలకూ వాటికీ సంబంధం లేదు, అభయారణ్యం హద్దును ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) నుంచి మూడో కాంటూరుకు తగ్గిస్తే పోయేది రెండడుగులే, అభయారణ్యం పేదల పొట్ట కొట్టింది.

మొదటి ఆరోపణకు ఎక్కువ చోటు అక్కరలేదు. అభయారణ్య ప్రకటన వెలువడింది 1999లో, కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరింది 2002లో. మూడేళ్ళ తరువాత రాబోయే ఒత్తిడికి ముందుగానే లొంగిపోయేంత దూరదృష్టి మన ప్రభుత్వాలకు ఉండి ఉంటే ఈ చర్చే అవసరమయ్యేది కాదు. రెండోదానికి జవాబు ఆ సందేశంలోనే ఉంది: చచ్చిపోయిందన్న కొల్లేరులోనే, మరుసటి వాక్యానికల్లా, పక్షులు పెరిగిపోయాయట.

ఆ పక్షుల సంగతిలో మాత్రం కొంత నిజముంది. కైకలూరు దగ్గరి ఆటపాకలో అటవీ శాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూళ్ళు కట్టుకునే గూడబాతులు చుట్టుపక్కల చెరువుల చేపలతోనే పిల్లలను సాకుతున్నాయి. ఆ చెరువులన్నిటినీ ఒక్క ఏడాదిలో తుడిచిపెడితే ముందుగా ఇబ్బంది పడేది బహుశా ఆ గూడబాతులే. పక్షి ప్రేమికులు ఈ మాట పైకి చెప్పడానికి ఇష్టపడరు గానీ, ఇది చెప్పవలసిన మాటే. అయితే చేపలు తిని బతికే పెద్ద పక్షులు మాత్రమే పక్షులు కావు. ఉల్లంకి పిట్టలకు పాదాలు తడిసేంత నీరూ, మెత్తని బురదా కావాలి. నీటికోళ్ళకు కిక్కిస, తుంగ దుబ్బులు కావాలి. వలస బాతులకు నీటిమొక్కలు పెరిగే పల్లపు మడుగులు కావాలి. నిటారు గట్ల మధ్య ఒకే లోతున నీరు నిలిపి, గడ్డి మొలవనీయకుండా పెంచే శీలావతి, బొచ్చె చెరువులో వీటిలో ఏదీ దొరకదు. పిట్టలకే కాదు, గడ్డి దుబ్బుల్లోనూ బురదలోనూ బతికే కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయిలకు కూడా అక్కడ చోటు లేదు.

ఇక "రెండడుగులే" అన్న మాట. ఈ సందేశంలో అన్నిటికన్నా హానికరమైన మాట ఇదే, అన్నిటికన్నా తేలికగా జనం నోళ్ళలో నానుతున్నదీ ఇదే. కాంటూరు సముద్రమట్టం నుంచి ఎత్తును చెప్పే గీత. రెండడుగులు తగ్గేది ఎత్తులో, విస్తీర్ణంలో కాదు. కొల్లేరు అడుగు కంచంలా పరచుకుని ఉంటుంది కాబట్టి నీరు ఒక అడుగు ఎక్కినా, తగ్గినా అంచు మైళ్ళ కొద్దీ జరుగుతుంది. ఐదో కాంటూరు వరకు ప్రకటించిన అభయారణ్యం 308 చదరపు కిలోమీటర్లు. మూడో కాంటూరు లోపల మిగిలేది సుమారు 135. అంటే "రెండడుగుల"తో సగానికి పైగా పోతుంది. పైగా ఆ పోయేది మధ్యలోని లోతు నీరు కాదు, వానాకాలంలో మునిగి వేసవిలో తేలే అంచు. పైన చెప్పిన ఉల్లంకి పిట్టలూ, వలస బాతులూ మేత వెతుక్కునేది అక్కడే. 2008లో శాసనసభ మూడో కాంటూరు కోసం తీర్మానం చేసిన తరువాత కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ పరిశీలించి హద్దు తగ్గించవద్దనే చెప్పింది. "నిజాలు దాచారు" అంటున్న సందేశంలో ఆ కమిటీ పేరు లేకపోవడం కేవలం స్థలాభావం వల్లనే అయి ఉంటుందని నమ్ముదాం.

వరద లెక్క కూడా ఆ అంచు మీదనే నడుస్తుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు అన్నీ తెచ్చి పోసే నీరు సముద్రంలోకి పోవడానికి ఉన్న దారి ఒక్క ఉప్పుటేరే. వచ్చినంత వేగంగా అది లాగలేదు కనుక మిగిలిన నీరు కొల్లేరులో పరచుకుని, తీరికగా దిగాలి. ఆ పరచుకునే చోట గట్లు కడితే చెరువు లోపల ఉన్నది నీరే కావచ్చు, కానీ వరద నీటికి ఆ చెరువు అడ్డుగోడ. నిండుగా ఉన్న చెరువులో మరో చుక్కకు చోటుండదన్న సంగతి చేపల రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. 2024 సెప్టెంబరులో విజయవాడ మునగడానికి కొల్లేరు చెరువులే కారణమని ఎవరైనా అంటే అది కూడా తప్పే, అక్కడ బుడమేరుకు గండ్లు పడ్డాయి. కానీ ఆ నీరంతా తరువాత దిగవలసి వచ్చింది కొల్లేరులోకే, లంక గ్రామాలను చుట్టుముట్టి దారులు ముంచిందీ ఆ నీరే.

పేదల మాట చివరికి వేసుకున్నారు గనుక నేనూ చివరనే చెబుతాను. అభయారణ్యంలో సంప్రదాయ పద్ధతిలో చేపలు పట్టుకోవడానికి నిషేధం లేదు; నిషేధం చెరువుల తవ్వకానికి. 1970లలో సొసైటీల పేరున పేదలకిచ్చిన చెరువులు లీజుల మీద ఎవరి చేతుల్లోకి వెళ్ళాయో, సంవత్సరాంతాన ఆ పేదలకు ఎంత ముట్టిందో ఆ ఊళ్ళలో అందరికీ తెలుసు. అయితే హద్దు లోపల చిక్కుకున్న జిరాయితీ భూముల రైతులకు జరిగింది మాత్రం పచ్చి అన్యాయం. పట్టా ఉన్న భూమిని అభయారణ్యంలో కలిపి, పరిహారం ఇవ్వకుండా ఏళ్ళ తరబడి వాయిదాలు వేయడాన్ని ఏ పక్షి పేరు చెప్పీ సమర్థించలేము. హద్దు తగ్గించమని అడిగేవారు ఆ పరిహారం కోసం ఇదే గొంతుతో అడిగితే వారి పక్కన నిలబడడానికి నాకు అభ్యంతరం లేదు. ఆ సందేశంలో మాత్రం పరిహారం అన్న మాట ఎక్కడా లేదు.