విజయవాడ బందరు రోడ్డుకీ గుంటూరు బ్రాడీపేట సందుకీ ఒకటే తారా?

పోయిన వేసవిలో గుంటూరులో మా వీధికి తారు వేస్తుంటే, దగ్గరుండి పని చేయిస్తున్న మేస్త్రిని అడిగాను, "ఇది ఏ తారు?" అని. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నల్లతారే సార్. తారులో మళ్లీ రకాలేంటి?" అన్నాడు. ఆయన్ని అని లాభం లేదు. రోడ్డు కావాలని వార్డు ఆఫీసు చుట్టూ తిరిగిన మనమూ ఆ మాట అడగలేదు. పొడవెంత, మందమెంత, ఎన్ని లక్షలు. శంకుస్థాపన బోర్డు మీదా అవే ఉంటాయి.

రకాలు ఉన్నాయి. ఒకప్పుడు మన దగ్గర తారు మెత్తదనాన్ని సూది గుచ్చి కొలిచేవారు. 60/70, 80/100 అనే పేర్లు అలా వచ్చినవే. పాతకాలం కాంట్రాక్టర్లు ఇప్పటికీ ఆ లెక్కలోనే మాట్లాడతారు. 2006లో ప్రమాణం మారింది. సూది పోయి చిక్కదనం వచ్చింది, అదీ 60 డిగ్రీల వేడి దగ్గర కొలిచింది. మే నెల మిట్టమధ్యాహ్నం మన తారు రోడ్డు అటూ ఇటుగా అంత వేడెక్కుతుంది కాబట్టి ఆ లెక్కే మనకు పనికొచ్చేది. ఆ లెక్కన వీజీ-10, 20, 30, 40 అని నాలుగు గ్రేడులు. వీజీ అంటే విస్కాసిటీ గ్రేడ్, చిక్కదనపు లెక్క. అంకె పెరిగేకొద్దీ తారు గట్టిది.

ఎక్కడ ఏది వాడాలో ఐఎస్ 73 అనే మన దేశపు తారు ప్రమాణం చెబుతుంది. ఏడు రోజుల గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటు 38 నుంచి 45 డిగ్రీలుంటే వీజీ-30, 45 దాటితే వీజీ-40. ఈ పట్టిక ముందు పెట్టుకుంటే విజయవాడా గుంటూరూ చాలావరకు 30 గడిలోకే వస్తాయి. ఎండలకు పేరుపడ్డ రెంటచింతల వైపు వెళ్తే గీత మీద నిలబడినట్టే. అందుకని ఎస్టిమేట్‌లో ఊరంతటికీ వీజీ-30 రాసేస్తే కాగితం మీద తప్పు పట్టేవాళ్లుండరు. కానీ ఆ పట్టిక చూసేది గాలి వేడిని. రోడ్డు మీద బండి ఎంతసేపు నిలబడుతుందో అందులో లేదు.

నా పేచీ అక్కడే. తారుది బెల్లం పాకం గుణం. సగం ఆరిన పాకాన్ని వేలితో టక్కున తడితే ఏమీ కాదు, అదిమి పట్టుకుంటే వేలు దిగిపోతుంది. హైవే మీద 80 వేగంతో పోయే లారీ రోడ్డును తట్టి పోతుంది. అదే లారీ మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, నింపుకుని మిర్చి యార్డు గేటు కోసం గజం గజం జరుగుతుంటే రోడ్డును అదిమినట్టే. పైగా మిర్చి సీజను ఫిబ్రవరిలో ఊపందుకుని నేరుగా ఎండల్లోకి నడుస్తుంది. బరువు, ఎండ, నెమ్మది మూడూ ఒకేసారి వచ్చిపడతాయి. చక్రాల దారిలో గాడి పడుతుంది, పక్కన తారు గట్టులా లేస్తుంది. బందరు రోడ్డు మీద సిగ్నళ్ల దగ్గర, బస్టాపుల దగ్గర జరిగేదీ ఇదే. అక్కడ బ్రేకు ఒత్తిడి అదనం. ఇలాంటిచోట వీజీ-40 గానీ, పాలిమర్ కలిపిన తారు గానీ వేయాల్సిందే. పాలిమర్ తారు ఖరీదెక్కువ, నిజమే. కానీ రోడ్డు మొత్తానికి అక్కర్లేదు కదా, సిగ్నలుకు ముందు ఓ వంద మీటర్లకు వేస్తే చాలు.

అలాగని గట్టి తారే అన్నిచోట్లా మంచిదనుకుంటే ఇంకో ఇబ్బంది. వీజీ-30తో కలిపిన కంకర మిక్స్‌ను కనీసం 140 డిగ్రీల దగ్గర పరవాలి, వీజీ-40కి 150 కావాలి. రోలింగ్ కూడా అంత త్వరగా ముగించాలి. మిక్స్ పరిచే పేవర్ యంత్రం, రెండు రోలర్లు సిద్ధంగా ఉన్న పెద్ద రోడ్డుకు అది కుదురుతుంది. బ్రాడీపేట అడ్డరోడ్లలో పార్కు చేసిన కార్లు తీయించి, టిప్పర్‌ను వెనక్కి తెచ్చి, పారలతో లాగి సర్దేసరికి వేడి సగం పోతుంది. పొర పలచనైతే ఇంకా త్వరగా చల్లారుతుంది. చల్లారిన మిక్స్ మీద రోలర్ ఎన్నిసార్లు తిరిగినా పైన నున్నగా కనిపిస్తుందే తప్ప లోపల సందులు పూడవు. అలాంటి వీధికి వీజీ-30తో సరిపెట్టుకుని, మిక్స్ దట్టంగా ఉండేట్టు చూసుకోవడమే తెలివైన పని.

దట్టం అని ఎందుకంటున్నానంటే, కాలనీల్లో ఎక్కువగా వేసేది 20 మిల్లీమీటర్ల ప్రీమిక్స్ కార్పెట్. కంకర మధ్య ఖాళీలు ఎక్కువ, వాటిని మూయడానికి పైన సీల్ కోటు ఉండాలి. ఆ సీల్ కోటులో కక్కుర్తి పడితే నీళ్లు నేరుగా లోపలికి పోతాయి. రాయికి తారుకన్నా నీళ్లంటేనే ప్రేమ. తడి చేరితే తారును వదిలేస్తుంది. తొలకరి తర్వాత చెప్పుల కింద కరకరలాడే చిన్న కంకర ఆ విడాకుల గుర్తే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడ సింగ్ నగర్‌లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అంత నానుడుకు ఏ గ్రేడూ నిలవదు. ఏటా నీళ్లు నిలిచే చోట ముందు కాలవ బాగుచేయాలి, అది కాదంటే సీసీ రోడ్డు వేసుకోవాలి.

మధురై త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ రాజగోపాలన్ వాసుదేవన్ చూపించిన ప్లాస్టిక్ పద్ధతి ఇక్కడ కాస్త అక్కరకొస్తుంది. తురిమిన వ్యర్థ ప్లాస్టిక్‌ను వేడి కంకర మీద చల్లితే రాయికి పొరలా పట్టుకుంటుంది, నీళ్లు తారును విడదీయడం కష్టమవుతుంది. దానికి ఆయనకు 2018లో పద్మశ్రీ ఇచ్చారు. మన దగ్గర దీన్ని పర్యావరణం ఖాతాలో వేసి మెచ్చుకుంటాం గానీ, కంకర లేవకుండా కాపాడే సంగతి ఎవరూ ఎత్తరు.

బస్సులు ఆగే చోట్లకు మాస్టిక్ అస్ఫాల్ట్ అనే తారు మిశ్రమం ఉంది. మామూలు మిక్స్‌లో తారు బరువులో 5, 6 శాతం ఉంటే, ఇందులో 14 పైనే. దాదాపు 200 డిగ్రీల దగ్గర కుక్కర్లో కాచి, చెక్క తాపీలతో సర్దుతారు, రోలర్ అక్కర్లేదు. నీటి చుక్క దిగదు. ఖర్చు చూసి భయపడతారు గానీ, అదే బస్టాపుకు ఏటా వేసే ప్యాచ్ బిల్లులు ఎవరైనా కూడి చూశారా?

పాత పొరను గీకి తీయకుండా దాని మీదే కొత్తది వేయడం మరో జాడ్యం. మా వీధిలో రెండిళ్ల గేట్లు ఇప్పుడు రోడ్డుకన్నా కిందున్నాయి. వానొస్తే ఆ ఇళ్లవాళ్లు ముందు మోటారు సైకిళ్లు వరండా ఎక్కిస్తారు.

మొన్నటి వానలు తగ్గాక మా కొత్త రోడ్డును ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి చూశాను. చాలావరకు బాగానే ఉంది. వీధి మొదట్లో మంచినీళ్ల ట్యాంకర్ రోజూ అరగంట ఆగే మూల ఒకటుంది. వాల్వు కారుతుంటుంది, బిందెల్లోంచి నీళ్లు ఒలుకుతుంటాయి. తారు అదే, మేస్త్రి అదే, వేసిన రోజూ అదే. అక్కడ మాత్రం కంకర తేలి, చక్రం పట్టేంత గుంట పడింది. ట్యాంకర్ డ్రైవరు ఇప్పుడు రెండడుగులు ముందుకు జరిపి ఆపుతున్నాడు.