చిహ్నం పేరు ఒకటి, చేప ఒకటి

అమెరికాలోని కొలరాడో రాష్ట్రం 1994లో గ్రీన్‌బ్యాక్ కట్‌త్రోట్ అనే ట్రౌట్ (చల్లటి నీటి వాగుల చేప) రకాన్ని తన అధికారిక చేపగా ప్రకటించింది. అంతకుముందు ఆ గౌరవం, అనధికారికంగానే అయినా, ఎక్కడో పసిఫిక్ తీరం నుంచి తెచ్చి వదిలిన రెయిన్‌బో ట్రౌట్‌ది. ఇంటి చేప ఉండగా వలస చేపకు పీట వేయడమేమిటని అక్కడివారికి తోచి ఉంటే అందులో తప్పు లేదు. అయితే పద్దెనిమిదేళ్లు తిరిగేసరికి, గ్రీన్‌బ్యాక్ పేరుతో దశాబ్దాలుగా పెంచి, వాగుల్లో వదిలి, కాపాడుకుంటూ వచ్చిన చేపల్లో అత్యధికం అసలు ఆ జాతివే కావని తేలింది.

గనుల కాలుష్యానికీ, మితిమీరిన వేటకూ, బయటి ట్రౌట్‌ల పోటీకీ, వాటితో సంకరానికీ బలై ఈ చేప అంతరించిపోయిందని 1937లోనే ప్రకటించారు. 1957లో రాకీ పర్వతాల జాతీయ ఉద్యానంలో మళ్లీ దొరికిందనుకుని సంబరపడ్డారు. 1978లో దానిని తీవ్ర ముప్పు జాబితా నుంచి ఒక మెట్టు దించారు కూడా. కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు, 1857–1889 మధ్య పట్టి మ్యూజియంలలో స్పిరిట్ సీసాల్లో భద్రపరచిన చేపల డీఎన్‌ఏను ఇప్పటి చేపలతో పోల్చి, 2012లో ఈ భ్రమను తొలగించారు. డెన్వర్ మీదుగా పారే సౌత్ ప్లాట్ నది సొంత చేప అయిన గ్రీన్‌బ్యాక్ తన నదిలో ఒక్కటీ మిగలలేదు. అది బతికి ఉన్నది కొలరాడో స్ప్రింగ్స్ దాపున, వేరే నదీ పరీవాహకంలోని బేర్ క్రీక్ అనే ఒకే ఒక్క వాగులో. అక్కడికి దానిని చేర్చింది ఏ సంరక్షణ పథకమూ కాదు. పైక్స్ శిఖరానికి వెళ్లే యాత్రికులను ఆకర్షించడానికి 1880లలో చేపలు తెచ్చి వదిలిన ఒక హోటల్ యజమాని.

గ్రీన్‌బ్యాక్ సహా కట్‌త్రోట్ ఉపజాతులు పైకి దాదాపు ఒకేలా ఉంటాయి కనుక, మచ్చలూ పొలుసులూ చూసి పోల్చుకున్న నాటి నిపుణులను నిందించలేం. పొరపాటు బయటపడ్డాక అధికారులు దానిని కప్పిపుచ్చకపోవడం మెచ్చదగినది. బేర్ క్రీక్ చేపల సంతానాన్ని 2014లో జిమ్మర్‌మన్ సరస్సులో వదిలారు. డెన్వర్‌కు పడమరనున్న హెర్మన్ గల్చ్‌లో అవి సహజంగా సంతతిని పెంచుకుంటున్నాయని 2022లో ప్రకటించారు.

తెలంగాణకూ రాష్ట్ర చేప ఉంది. అది కొర్రమీను. బురద కుంటలో నీరు అడుగంటినా పైకొచ్చి గాలి పీల్చి బతికే ఈ చేప ట్రౌట్ లాంటి దుర్బల జీవి కాదు, అంతరించేంత ప్రమాదంలోనూ లేదు. కనుక రెండింటినీ ఒకే గాటన కట్టబోము. కానీ కొర్రమీను విత్తనం (పెంపకానికి వదిలే పిల్లలు) చెరువు నుంచి చెరువుకు, జిల్లా నుంచి జిల్లాకు తరలుతున్న కొద్దీ, ఏ నీటి చేప ఏదో చెప్పగల ఆధారం చెరిగిపోతుంది. అందుకే, గోదావరి, కృష్ణా పరీవాహకాల్లోని పాత చెరువుల కొర్రమీను నమూనాలను, పట్టిన చోటు, తేదీ రాసిపెట్టి, మత్స్యశాఖ ఇప్పుడే భద్రపరచాలని కోరుతున్నాం. సీసాలకూ, స్పిరిట్‌కూ, ఒక రిజిస్టరుకూ అయ్యే ఖర్చు ఎంతో కాదు. కొలరాడోకు తన చేప ఏదో చెప్పినవి నూట యాభై ఏళ్ల నాటి అలాంటి సీసాలే.