‘బోధనేతర’ అన్న మాటలోనే ఉంది పొరపాటు

ఎమ్మెస్సీలో చేరిన మొదటి వారం. మా ఊరి డిగ్రీ కాలేజీలో ప్రాక్టికల్స్ పేరుకే జరిగాయి. సీనియర్ల రికార్డులు తెచ్చుకుని దించినవాళ్లమే అందరమూ. విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో బ్యూరెట్ ముందు, అంటే ద్రవాన్ని చుక్కలుగా వదిలే గాజు గొట్టం ముందు నిలబడితే నా చెయ్యి వణికింది. ఫ్లాస్కులో ద్రావణం లేత గులాబీ రంగు దగ్గర ఆగాలి. నాది మూడుసార్లూ ముదురెక్కిపోయింది. నలభై మందిని ఒక్కరే చూసుకుంటున్న అధ్యాపకుడు గదిలో ఆ చివరన ఉన్నారు. వెనుక నుంచి ల్యాబ్ అటెండరు వచ్చి, ఫ్లాస్కు కింద తెల్లటి పింగాణీ పలక జరిపి, “చుక్క వదలకు బాబూ, అర చుక్క వదులు” అన్నారు.

అర చుక్క ఎలా వదులుతారు? ఆయన బ్యూరెట్ బిరడాను వెంట్రుకవాసి తిప్పి, చుక్కను మొన దగ్గర వేలాడనిచ్చారు. అది రాలకముందే ఫ్లాస్కు లోపలి గోడకు తాకించి, స్వేదనజలంతో కిందికి కడిగారు. ద్రావణం లేత గులాబీ రంగుకు మారి అక్కడే నిలిచింది. తర్వాత అధ్యాపకుడినై కొన్ని వందల మంది విద్యార్థులకు ఆ అర చుక్క నేర్పాను. నేర్పిన ప్రతిసారీ అది నా పాఠంగానే లెక్కకొచ్చింది. ఆయనది మాత్రం ఎక్కడా లెక్కకు రాలేదు.

ఎందుకంటే ఆయన ‘బోధనేతర’ సిబ్బంది. బోధన, ఇతర అన్న రెండు మాటలు సంధి కుదిరి పుట్టిన పదమిది. మనిషి ఏం చేస్తాడో చెప్పకుండా, ఏం చేయడో చెప్పి పెట్టిన పేరు. పేరు అలా పెట్టాక ఆయన నేర్పింది ఏదైనా సరే కాగితాల మీద బోధన కాకుండా పోతుంది. విశ్వవిద్యాలయాల సహాయక సిబ్బందికి గుర్తింపు అనగానే మనకు గుర్తొచ్చేది పదవీ విరమణ రోజున కప్పే శాలువా, నాలుగు మంచి మాటలు. నేను అడుగుతున్నది అది కాదు. ఎవరు ఏం నేర్పుతున్నారో సర్వీసు రిజిస్టరులో నమోదు కావాలి, ఆ నమోదును బట్టి జీతం, హోదా మారాలి.

ఈ మాట అన్నప్పుడల్లా నాకు వివియన్ థామస్ గుర్తొస్తారు. అమెరికాలోని నాష్‌విల్‌లో పెరిగిన నల్లజాతి యువకుడు. వడ్రంగం పని చేస్తూ వైద్య విద్య కోసం కూడబెట్టుకున్న డబ్బు ఆర్థిక మాంద్యంలో బ్యాంకుతో పాటు మునిగిపోయింది. 1930లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో ఆల్‌ఫ్రెడ్ బ్లాలాక్ అనే శస్త్రవైద్యుడి ప్రయోగశాలలో సహాయకుడిగా చేరారు. చేసిన పని పరిశోధన. జీతాల పట్టికలో ఆయనకిచ్చిన హోదా మాత్రం గదులు ఊడ్చి తుడిచే పనివాడిది. 1941లో బ్లాలాక్ బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి మారుతూ థామస్‌ను వెంట తీసుకెళ్లారు.

పుట్టుకతోనే గుండె లోపం ఉండి, రక్తంలో ప్రాణవాయువు చాలక ఒళ్లు నీలంగా మారే పసిబిడ్డల సమస్యను పిల్లల హృద్రోగ నిపుణురాలు హెలెన్ టౌసిగ్ ఆ ప్రయోగశాల ముందు పెట్టారు. ఆ లోపాన్ని కుక్కల్లో కృత్రిమంగా కలిగించి, దాన్ని సరిచేసే శస్త్రచికిత్సను మళ్లీ మళ్లీ చేసి, పద్ధతిని ఒక దారికి తెచ్చినది థామస్. 1944 నవంబరు 29న మొదటిసారి ఒక పసిపాపకు ఆ ఆపరేషన్ చేస్తున్నప్పుడు బ్లాలాక్ తన వెనుక థామస్ ఉండాలని పట్టుబట్టారు. థామస్ చిన్న పీట మీద నిలబడి, బ్లాలాక్ భుజం మీదుగా చూస్తూ కుట్టు ఎక్కడ పడాలో, ఎటు తిరగాలో చెప్పారు. మరుసటి ఏడాది అచ్చయిన పరిశోధన పత్రంలో ఆయన పేరు లేదు. ఆపరేషన్‌కు బ్లాలాక్, టౌసిగ్‌ల పేర్లు పెట్టారు. థామస్ పేరును కూడా అందులో చేర్చి పిలవడం ఈ మధ్య పెరిగిన అలవాటు.

నన్ను ఎక్కువగా పట్టి ఉంచేది ఈ ఆపరేషన్ కథ కాదు, తర్వాతి మూడు దశాబ్దాలు. శస్త్రచికిత్స పరిశోధనశాల బాధ్యుడిగా థామస్ చేతి కింద యువ డాక్టర్లు రక్తనాళాలు కుట్టడం నేర్చుకున్నారు. వారిలో పలువురు అమెరికాలోని పెద్ద ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స విభాగాలకు అధిపతులయ్యారు. అన్నేళ్లూ ఆయన చేసింది బోధనే. అయినా బోధకుడన్న హోదా వచ్చింది 1976లో. అదే ఏడు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది, అదీ వైద్యంలో కాదు, న్యాయశాస్త్రంలో. మూడేళ్లకు ఆయన పదవీ విరమణ చేశారు.

దక్షిణాఫ్రికాలో హామిల్టన్ నాకీది ఇంకో రకం అన్యాయం. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో తోటమాలిగా చేరి, జంతు ప్రయోగశాలలో సహాయకుడై, అవయవ మార్పిడి మెళకువలను ఎంతోమంది వైద్యులకు చేత్తో చేసి చూపించిన మనిషి. వర్ణవివక్ష కాలంలో ఆయనకు పెద్ద చదువూ లేదు, తగిన హోదా ఇచ్చే నిబంధనా లేదు. 2003లో విశ్వవిద్యాలయం గౌరవ పట్టా ఇచ్చింది. 2005లో ఆయన మరణించినప్పుడు, 1967 నాటి ప్రపంచపు తొలి మానవ గుండె మార్పిడిలోనూ ఆయన చెయ్యి ఉందని పెద్ద పెద్ద పత్రికలు రాశాయి. అది నిజం కాదని తేలి తర్వాత సవరణలు వేసుకున్నాయి. చేసిన పనిని చేసినప్పుడే రాసి పెట్టకపోతే ఇదే జరుగుతుంది. మొదట మనిషి కనపడకుండా పోతాడు, తర్వాత చేయని పనికి కీర్తి వచ్చి పడుతుంది. ఆయన నిజంగా నేర్పిన విద్య రెండుసార్లూ మరుగునే పడిపోయింది.

మన దగ్గరికి వద్దాం. ఉన్నత విద్యాసంస్థలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్ 2017లో సవరించిన విధానంలో విద్యార్థుల సంతృప్తి సర్వే ఒకటి చేర్చారు. సిలబస్ ఎంత పూర్తయింది, అధ్యాపకులు ఎంత సిద్ధపడి వస్తున్నారు, మీ బలాబలాలను గుర్తిస్తున్నారా, ఇలా ఇరవైకి పైగా ప్రశ్నలు. ప్రయోగశాలలో మీకు పరికరం పట్టుకోవడం ఎవరు నేర్పారన్న ప్రశ్న లేదు. గ్రంథాలయంలో మీకు దారి చూపింది ఎవరన్నదీ లేదు. జాతీయ ర్యాంకింగుల్లోనూ సిబ్బంది విషయంలో లెక్కకొచ్చేది అధ్యాపకుల సంఖ్య, వారి పీహెచ్‌డీలు, అనుభవం. కొలత లేని చోట ఏ వైస్ చాన్సలరూ డబ్బు పెట్టరు.

గ్రంథాలయాల విషయంలో కథ సగం నడిచి ఆగింది. గణితం చెప్పే ఎస్.ఆర్. రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం మొదటి లైబ్రేరియన్ అయ్యారు. పాఠకుడి సమయాన్ని ఆదా చేయడం గ్రంథాలయ సూత్రాల్లో ఒకటని చెప్పి, ఆ పనికి శాస్త్రం స్థాయి తెచ్చారు. ఈనాడు విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) నిబంధనల్లో సహాయ లైబ్రేరియన్‌కు సహాయ ఆచార్యుడితో సమానమైన వేతన శ్రేణి ఉంది. కానీ పుస్తకాల బీరువాల మధ్య తిరుగుతూ పాఠకుడి సమయం నిజంగా ఆదా చేసే మనిషి ఆ గీతకు అవతలే ఉండిపోయారు. పాత పత్రికల సంపుటాలు చిరిగి, జాబితాతో పొంతన లేకుండా పడి ఉన్న చోట, పరిశోధక విద్యార్థికి దిక్కు ఆయన జ్ఞాపకమే. ఆ మనిషి రిటైరైతే గ్రంథాలయంలో కొంత భాగం తాళం పడినట్టే.

వీళ్లకిచ్చే పదోన్నతి కూడా విద్యార్థికి నష్టమే తెచ్చిపెడుతోంది. చాలాచోట్ల అటెండరు పైకి వెళ్లాలంటే రికార్డ్ అసిస్టెంటు, ఆపైన జూనియర్ అసిస్టెంటు కావాలి. అంటే ప్రయోగశాల వదిలి ఫైళ్ల సెక్షన్‌కు పోవాలి. పదిహేనేళ్లు పరికరాలతో గడిపి, ఏది ఎప్పుడు మొరాయిస్తుందో శబ్దం విని చెప్పగలిగే మనిషిని తీసుకెళ్లి బిల్లులు రాయిస్తాం. ఆయన స్థానంలో ఔట్‌సోర్సింగ్ మీద ఒక కుర్రవాడు వస్తాడు. ఆంధ్రప్రదేశ్‌లో మధ్యవర్తుల బెడద తప్పించేందుకు ఆప్కాస్ అనే ప్రభుత్వ ఔట్‌సోర్సింగ్ సంస్థను పెట్టారు, జీతం నేరుగా ఖాతాలో పడటం మేలే. అయితే అది జీతం చేర్చే ఏర్పాటు, నైపుణ్యాన్ని గుర్తించే ఏర్పాటు కాదు. ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగికి సమాన వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. ‘ఒకే పని’ అని రుజువు చేసుకోవాలన్నా ముందు ఆ పని ఏమిటో కాగితం మీద ఉండాలి కదా.

కెమిస్ట్రీ చదివినవాళ్లు బయటికి చెప్పుకోని విషయం ఒకటుంది. ప్రాక్టికల్ పరీక్ష రోజున విద్యార్థి పరీక్షించి గుర్తించాల్సిన సాల్టు (లవణం) పేరు చెవిలో చెప్పినందుకు డబ్బు చేతులు మారే చోట్లు ఉన్నాయి. అది తప్పే, నేను వెనకేసుకు రావడం లేదు. కానీ ఏడాది పొడవునా ఆ మనిషి జ్ఞానానికి పైసా విలువ కట్టని వ్యవస్థలో, దానికి ధర పలికే రోజు అదొక్కటే. వాసన చూసి సాల్టు గుర్తుపట్టే మనిషికి నేర్పినందుకు ఏమీ ఇవ్వం. నేర్పకుండా జవాబు చెప్పేస్తే మాత్రం ఎవరో ఒకరు ఇస్తారు.

నా వాదనకు బలమైన అభ్యంతరం అధ్యాపక సంఘాల నుంచి కాదు, ఉద్యోగుల నుంచే విన్నాను. “మాస్టారి ఖాళీలు నింపకుండా మాతో ప్రాక్టికల్స్ చేయిస్తారు సార్, పైగా గుర్తింపు అంటారు” అని ఒకాయన నా మొహం మీదే అన్నారు. ఆ భయం నిజమైనది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టుల బరువు ఇప్పటికే వీళ్ల భుజాల మీద పడుతోంది. జీతం పెంచకుండా, పని గంటలు రాయకుండా ఇచ్చే గుర్తింపు వెట్టికి మర్యాద పేరే అవుతుంది. కనుక ఖాళీల భర్తీ ఆగకూడదు, గుర్తింపు దానికి బదులు కాకూడదు. ఈ షరతు లేకపోతే నేను కూడా వద్దనే అంటాను.

షరతుతో చేయగలిగినది చాలానే ఉంది. బ్రిటన్‌లో 2017 నుంచి పలు విశ్వవిద్యాలయాలు ప్రయోగశాల సాంకేతిక సిబ్బంది హోదా, వృత్తిపరమైన ఎదుగుదల విషయంలో బహిరంగంగా హామీ ఇచ్చి, ఏం చేశామో ప్రకటిస్తున్నాయి. అక్కడ విద్యార్థుల అభ్యసనకు తోడ్పడే లైబ్రరీ, ల్యాబ్ సిబ్బంది తమ పనిని రుజువులతో చూపి బోధనకు సంబంధించిన వృత్తి గుర్తింపు పొందవచ్చు. మనం అంతదాకా వెళ్లకముందే, ప్రయోగశాలలోనే ఉంటూ పైకి ఎదిగే పదోన్నతి మెట్లు ఏర్పాటు చేయవచ్చు. విద్యార్థి సర్వేలో రెండు ప్రశ్నలు కలపవచ్చు. పరిశోధనలో నిజంగా చెయ్యి వేసిన వాళ్ల పేరు సిద్ధాంత గ్రంథం చివరి కృతజ్ఞతల్లోనే కాక, పత్రంలోనూ రాయవచ్చు.

ప్రాక్టికల్ రికార్డు మొదటి పేజీలో ధ్రువీకరణ పత్రం ఉంటుంది. ఫలానా విద్యార్థి ఫలానా ప్రయోగాలు ప్రయోగశాలలో స్వయంగా చేశాడని రాసి, కింద సంతకాలు పెట్టడానికి చోటు వదులుతారు. నా ఎమ్మెస్సీ రికార్డు ఇప్పటికీ బీరువాలో ఉంది. అధ్యాపకుడి సంతకం, విభాగాధిపతి సంతకం, పరీక్షకుడి సంతకం. అర చుక్క నేర్పిన ఆయన్ని మేమందరం ‘అన్నా’ అనే పిలిచేవాళ్లం. ఆయన పూర్తి పేరు ఆ రికార్డులో లేదు, నాకూ తెలియదు.