డిప్రెషన్ ఉన్న డాక్టర్ దగ్గరికి వెళ్ళొద్దట!

"డాక్టర్లకే డిప్రెషన్ వస్తే మనల్ని ఎవరు చూస్తారు?" అనే ఫార్వర్డ్ మళ్ళీ వచ్చింది. పంపినవాళ్ళంతా బాగా చదువుకున్న మిత్రులే. సరే, చూద్దాం.

"మందులు తెలిసినవాళ్ళకి జబ్బేంటి?" గుండె డాక్టర్లకి గుండెపోటు రాదా? తర్వాతది.

"తెల్లవారుజామున లేచి ధ్యానం చేస్తే పోతుంది." నైట్ డ్యూటీలో పడుకుంటే కదా, లేవడానికి!

"మనసు బలహీనమైనవాళ్ళకే వస్తుంది." అమెరికాలో ఇంటర్న్‌లను, అంటే శిక్షణలో తొలి ఏడాది డాక్టర్లను, డ్యూటీలో చేరకముందు ఒకసారి, చేరాక మళ్ళీమళ్ళీ పరీక్షించి 2010లో ఫలితాలు ప్రచురించారు. చేరకముందు డిప్రెషన్ లక్షణాలున్నది 3.9 శాతం మందికి. చేరాక సగటున 25.7. మనుషులు వాళ్ళే. ఏడాది తిరక్కుండానే అందరి మనసులూ బలహీనపడిపోయాయా?

అసలు విషమంతా చివరి పాయింట్‌లో ఉంది: "డిప్రెషన్‌కి మందులు వాడే డాక్టర్ దగ్గరికి వెళ్ళకండి, వాళ్ళ లైసెన్స్ రద్దు చేయాలి."

ఇందులో కొంత నిజముంది, ఒప్పుకుంటాను. 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో, డిప్రెషన్ ఉన్న పిల్లల విభాగం రెసిడెంట్లు (శిక్షణలో ఉన్న డాక్టర్లు) మందుల విషయంలో మిగతావాళ్ళకంటే ఆరు రెట్లు ఎక్కువ తప్పులు చేశారు. చిన్న అధ్యయనమే, కానీ కొట్టిపారేయలేం.

అయితే భయపడాల్సింది వైద్యం చేయించుకుంటున్న డాక్టర్‌ని చూసి కాదు, దాచుకుని డ్యూటీ చేస్తున్న డాక్టర్‌ని చూసి. లైసెన్స్ పోతుందంటే ఎవరైనా దాచుకోరా? తన చీటీ తానే రాసుకుని, తెలిసిన ముఖం కనిపించని మెడికల్ షాపు వెతుక్కుంటారు. డోసు సరిపోతోందో లేదో చూసే మనిషి ఉండరు. మర్నాడు రౌండ్స్‌లో అదే కేస్ షీట్ మూడుసార్లు చదివినా బుర్రకెక్కదు, "ఇందాక ఏ ఇంజెక్షన్ చెప్పాను?" అని నర్సునే అడుగుతారు. మహానుభావులారా, మీ ఫార్వర్డ్ తయారుచేసేది ఇలాంటి డాక్టర్లనే.

2020లో న్యూయార్క్ ఎమర్జెన్సీ డాక్టర్ లోర్నా బ్రీన్ ఆత్మహత్య చేసుకున్నారు. సాయం అడిగితే లైసెన్స్ పోతుందని ఆమె భయపడ్డారని కుటుంబం చెప్పింది. వైద్య సిబ్బంది మానసిక ఆరోగ్యం కోసం 2022లో అక్కడ ఆమె పేరు మీదే చట్టం తెచ్చారు. మనవాళ్ళేమో అదే భయాన్ని దండం బొమ్మ పెట్టి మరీ పంచుతున్నారు.

తప్పుల గురించే అంత బెంగైతే ఇంకోటి వినండి. ఏకబిగిన 24 గంటలు, ఆపైన షిఫ్టులు చేయించినప్పుడు ఐసీయూ ఇంటర్న్‌లు 36 శాతం ఎక్కువ తీవ్రమైన తప్పులు చేశారని 2004లోనే తేలింది. "రాత్రంతా నిద్రలేని డాక్టర్ దగ్గరికి వెళ్ళకండి" అని మాత్రం ఒక్క ఫార్వర్డూ రాదు. వస్తే డ్యూటీ చార్టు వేసేవాళ్ళని నిలదీయాల్సి వస్తుంది మరి.