దారిన పోయే దానయ్యదే తప్పు

రోడ్ల మీద ప్రమాదాలు పెరిగిపోతున్నాయని అందరూ గుండెలు బాదుకునేవాళ్లే కానీ, అసలు దోషిని వేలెత్తి చూపించే ధైర్యం ఒక్కరికీ లేదు. ఆ సాహసం నేను చేస్తున్నాను. రోడ్డుకు పట్టిన అసలు బెడద నడిచేవాళ్లు.

తిట్టుకునే ముందు లెక్క చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఏడాదికి దాదాపు 11 లక్షల 90 వేల మంది రోడ్ల మీద చనిపోతున్నారు. వాళ్లలో 23 శాతం పాదచారులే. వీళ్లకి లైసెన్సు లేదు, ఇన్సూరెన్సు లేదు, హారన్ లేదు, ఇండికేటర్ లేదు, నంబర్ ప్లేటు లేదు. ఎయిర్‌బ్యాగ్ అసలే లేదు. ఏ వాహనమైనా ఈ అవతారంలో రోడ్డెక్కితే సీజ్ చేసి లాక్కుపోతారు. మనిషి ఎక్కితే మాత్రం ‘పాదచారి’ అని సంస్కృతంలో మర్యాద చేస్తున్నాం. నటరాజ సర్వీసు అని ముద్దుగా పిలుచుకుంటున్నాం కూడా. ఈ గారాబమే కొంప ముంచింది.

నేనూ నడుస్తాను, కాదనను. కారు దగ్గరికి.

ఈ జబ్బు ఇవాళ్టిది కాదు. 1896 ఆగస్టు 17న లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ ఆవరణలో బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అనే ఆవిడ కారు ఢీకొని చనిపోయింది. బ్రిటన్‌లో కారు గుద్ది చనిపోయిన మొదటి పాదచారి ఆవిడే. నేను గంటకు 4 మైళ్ల వేగంతోనే వెళ్తున్నానని నడిపినతను చెప్పాడు. అంటే ఆరున్నర కిలోమీటర్లు, కాస్త జోరుగా నడిచే మనిషి వేగం. ప్రమాదవశాత్తూ జరిగిన మరణమని జ్యూరీ తేల్చింది. ఇలాంటిది ఇంకెప్పుడూ జరగకూడదని కోరుకుంటున్నానని విచారణాధికారి అన్నాడు. ఆయన కోరుకుని దాదాపు నూట ముప్పై ఏళ్లయింది. పాదచారులు ఆయన మాట చెవిన పెట్టలేదు.

మూడేళ్లకే, 1899 సెప్టెంబరులో, న్యూయార్క్‌లో హెన్రీ బ్లిస్ అనే ఆయన ట్రామ్ దిగుతూనే ట్యాక్సీ కింద పడ్డాడు. అది ఎలక్ట్రిక్ ట్యాక్సీ. కాబట్టి గాలికి ఏ హానీ జరగలేదు.

అంతకుముందు ఇంకా ఘోరమైన రోజులు నడిచాయి. 1865లో బ్రిటన్ ఒక చట్టం చేసింది. ఇంజనుతో కదిలే బండి ఏదైనా ఊళ్లో గంటకు 2 మైళ్లు, ఊరి బయట 4 మైళ్లు మించి పోకూడదు. పైగా బండికి అరవై గజాల ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి. ఆలోచించండి. అంత డబ్బు పోసి కొన్న ఇంజను, ఒక మామూలు మనిషి కాళ్ల వెనక బుద్ధిగా దేకాలట! 1896లో, సరిగ్గా ఆ డ్రిస్కాల్ గారు పోయిన ఏడాదే, ఈ దారుణాన్ని రద్దు చేసి బండ్లకు స్వేచ్ఛ ప్రసాదించారు. ఆ జెండాని మాత్రం ఓ పక్కన పెట్టుకోండి. మళ్లీ పనిపడుతుంది.

తర్వాత కొన్నేళ్లు జనం గందరగోళంలో బతికారు. వీధి అందరిదీ అనే పాత భ్రమ ఇంకా వదల్లేదు. అమెరికాలోని సిన్సినాటి నగరంలో 1923లో 42 వేల మంది ఒక కాగితం మీద సంతకాలు పెట్టారు. ఊళ్లో తిరిగే ప్రతి కారుకీ ఒక పరికరం బిగించాలని, గంటకు 25 మైళ్లు దాటగానే ఇంజను దానంతట అదే తగ్గాలని వాళ్ల కోరిక. కార్ల వ్యాపారులు హడలిపోయారు. హోరున ప్రచారం చేసి, ఓటింగులో ఆ ప్రతిపాదనను ఓడించారు. ఆ గొడవలో వాళ్లకు ఒక జ్ఞానోదయం కూడా అయింది. కారుకి పరికరం బిగించడం ఖర్చుతో కూడిన పని. మనిషికి ఒక తిట్టు బిగిస్తే పైసా ఖర్చు లేదు.

ఆ తిట్టు అప్పటికే సిద్ధంగా ఉంది: జేవాకర్. అక్కడి యాసలో ‘జే’ అంటే పల్లెటూరి బైతు. పట్నంలో నడవడం చేతకానివాడన్నమాట. కార్ల సంఘాలు దాన్ని ఊరూరా మోగించాయి. 1925కల్లా లాస్ ఏంజెలెస్‌లో నడిచేవాళ్లు ఎక్కడ దాటాలో, ఎక్కడ దాటకూడదో చెప్పే నిబంధన వచ్చేసింది. వీధి చేతులు మారడానికి ఫిరంగులేమీ కావలసిరాలేదు.

తెలుగులో ఆ మాటకు సమానమైన పదం ఇంకా పుట్టలేదు. అందుకే మనం ప్రతిసారీ అద్దం దించి, తల బయటపెట్టి, ‘ఏం, ఇంట్లో చెప్పొచ్చావా?’ అని పూర్తి వాక్యంలో అడగాల్సి వస్తోంది. ఎంత శ్రమ! కానీ అందులో ఉన్న ఆత్మీయత చూడండి. ముక్కూ మొహం తెలియని మనిషి ఇంటివాళ్ల గురించి అంత ఆందోళన పడేది డ్రైవర్ ఒక్కడే.

పదం లేని లోటును మన వార్తల భాష దిగ్విజయంగా పూడ్చింది. దీనికి మాత్రం శిరసు వంచి నమస్కరించాలి. ‘అదుపు తప్పిన కారు’ అంటాం. తప్పింది కారు. లోపల కూర్చుని స్టీరింగు పట్టుకున్న మనిషి ఆ సమయానికి ఏ తపస్సులో ఉన్నాడో ఎవరూ అడగరు. ‘మృత్యువు లారీ రూపంలో దూసుకొచ్చింది’ అంటాం. అంటే బండి నడిపింది సాక్షాత్తూ యముడు, ఆయన మీద కేసు ఎవరు పెడతారు? ‘అతివేగం ప్రాణం తీసింది’ అంటాం. ఆ వేగం ఎవరి కాలి కింద పుట్టిందో ఆ ఊసు ఉండదు. ఇక ఏమీ తోచకపోతే ‘విధి వక్రించింది’.

వీటన్నిటికీ మకుటం లాంటిది ‘గుర్తు తెలియని వాహనం’. ఆ వార్త ఎప్పుడైనా నిదానంగా చదవండి. చనిపోయినవాడి పేరు, వయసు, ఊరు, తండ్రి పేరు, ఎంతమంది పిల్లలు, ఆ పూట ఏ పని మీద బయల్దేరాడు, అన్నీ గుర్తుపట్టేశారు. రెండు టన్నుల ఇనుము, ముందో నంబరు, వెనకో నంబరు, వాటి మీద వెలిగే లైటు. దాన్ని మాత్రం గుర్తుపట్టలేకపోయారు.

వ్యాకరణం కూడా మనవైపే ఉంది. ‘రోడ్డు దాటుతుండగా కారు ఢీకొని వృద్ధుడి మృతి.’ ఈ వాక్యంలో ఊపిరున్న ప్రాణి వృద్ధుడొక్కడే. దాటిందీ ఆయనే, పోయిందీ ఆయనే. కారు మధ్యలో చుట్టపు చూపుగా వచ్చి వెళ్లింది. ఆ పైన ‘చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నట్టు స్థానికులు తెలిపారు’ అని ఒక్క ముక్క చేరిస్తే విచారణ ముగిసినట్టే. చీకట్లో నల్లచొక్కా వేసుకున్నాడని తేలితే ఇంకా సుఖం. నల్లచొక్కా తొడుక్కుని రాత్రి బయటికి రావడం బాధ్యతారాహిత్యం కాక మరేమిటి? (నల్ల కార్ల సంగతేమిటని ఒక మిత్రుడు అడిగాడు. ఆయనతో మాట్లాడటం మానేశాను.)

ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకేనని పెద్దలన్నారు. అందరూ దాన్ని ఆకు మీద జాలితో అన్న మాటనుకుంటారు. కాదు. అది ఆకుకిచ్చిన రోడ్డు భద్రతా శిక్షణ.

నడిచేవాళ్ల కోసం ఎవరూ ఏమీ చేయలేదనే మాట కూడా అబద్ధం. 1951లో బ్రిటన్ జీబ్రా క్రాసింగులను చట్టంలోకి తెచ్చింది, తర్వాత లోకమంతా గీతలు గీసింది. ఆ పేరు పెట్టడంలోనే ముందుచూపుంది. జీబ్రాల మంద దాటే చోట సింహాలు ఏం చేస్తాయో పిల్లలకు కూడా తెలుసు. బొలీవియాలోని లాపాజ్‌లో గీతల వల్ల పని జరగక, 2001 నుంచి కుర్రాళ్లకు ఏకంగా జీబ్రా వేషాలు కట్టి రోడ్డు మధ్యలో నిలబెట్టారు. మనిషిని చూసి ఆగని బండి జంతువును చూసి ఆగుతుందని కనిపెట్టినవాళ్లు సామాన్యులు కారు.

మీటల సంగతి చెప్పాలి. సిగ్నల్ దగ్గర స్తంభానికి ఒక మీట ఉంటుంది, దాటాలనుకునేవాడు నొక్కాలి. న్యూయార్క్‌లో ఉన్న 3,250 మీటల్లో రెండున్నర వేలకు పైగా పనిచేయవని 2004లో బయటపడింది. సిగ్నళ్లను కంప్యూటర్లు నడపడం మొదలెట్టాక వాటి అవసరం తీరిపోయింది, కానీ పీకేయలేదు. నొక్కితే సిగ్నల్ మారదు, నొక్కినవాడి మనసు కుదుటపడుతుంది. ఇంతకన్నా తక్కువ కరెంటుతో నడిచే ప్రజాసేవ ఇంకోటి చూపించండి.

ఒకవేళ పచ్చబొమ్మ వెలిగిందే అనుకోండి. చాలాచోట్ల మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని లెక్కగట్టి టైము పెట్టారు. ఇంగ్లండులో 65 ఏళ్లు దాటినవాళ్ల మీద 2012లో వచ్చిన అధ్యయనంలో మగవాళ్లు సగటున 0.9 మీటర్లు, ఆడవాళ్లు 0.8 మీటర్లు నడుస్తున్నారని తేలింది. పన్నెండు మీటర్ల రోడ్డు తీసుకోండి. లెక్క ప్రకారం పది సెకన్లలో అవతల ఉండాలి. పదో సెకనుకి మన మామ్మగారు ఎనిమిదో మీటరు దగ్గర ఉంటుంది. మిగతా నాలుగు మీటర్లు ఆవిడ సొంత పూచీ మీద నడవాలి. అంతకుమించి ఇవ్వలేం, వెనక బండ్లు ఆగి ఉన్నాయి, వాటికి అర్జంటు పనులున్నాయి. మామ్మగారికి ఏం పని?

ఫుట్‌పాత్ గురించి రెండు ముక్కలు చాలు. అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, స్తంభం ఉంటుంది, మూత లేని మ్యాన్‌హోల్ ఉంటుంది, పార్క్ చేసిన బండ్లు ఉంటాయి, దారి దొరక్క ఎక్కిన బైకులు ఉంటాయి. ఇంతమందికి చోటిచ్చిన ఫుట్‌పాత్‌ను విశాల హృదయం లేనిదని ఎవరనగలరు?

ఈ మధ్య బండ్లు పెద్దవవుతున్నాయని కొందరు ఏడుస్తున్నారు. అమెరికాలో 2009లో 4,109 మంది పాదచారులు చనిపోతే 2022లో 7,522 మంది చనిపోయారు. దీనికి ఉన్న కారణాల్లో బండ్ల సైజు ఒకటని పరిశోధకులు అంటున్నారు. అక్కడి హైవే భద్రతా బీమా సంస్థ 2023లో లెక్కతీసింది. బానెట్ ఎత్తు 30 అంగుళాల లోపుండే బండ్లతో పోలిస్తే, 40 అంగుళాలు దాటిన బండ్లు గుద్దినప్పుడు పాదచారి చనిపోయే అవకాశం 45 శాతం ఎక్కువట. పాతకాలం కారు మనిషి కాళ్లకు తగిలేది, మనిషి బానెట్ మీదికి ఒరిగేవాడు. ఇప్పటి బండి నేరుగా గుండెలకు హత్తుకుంటోంది. దగ్గర్లో చిన్నపిల్లలు నిలబడితే డ్రైవరుకి కనిపించరు. నిజమే. కానీ పిల్లలు కూడా పొడుగవడానికి కాస్త ప్రయత్నం చేయాలి కదా.

వేగం గురించి కూడా పుకార్లు ఉన్నాయి. గంటకు 50 కిలోమీటర్లతో గుద్దినదానికన్నా 65తో గుద్దితే పాదచారి చనిపోయే ప్రమాదం నాలుగున్నర రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థే రాసింది. అంటే పదిహేను కిలోమీటర్ల తేడాకి ఇంత యాగీ. ఆ పదిహేనూ తగ్గించుకుంటే ఆఫీసుకి రెండు నిమిషాలు ఆలస్యమవుతుంది. ఆ రెండు నిమిషాలు ఎవరిస్తారు? దానయ్య ఇస్తాడా?

దీన్ని నిజంగా నమ్మి చెడిపోయిన ఊళ్లు లేకపోలేదు. ఓస్లో, హెల్సింకి నగరాలు వేగాన్ని చాలా వీధుల్లో 30 కిలోమీటర్లకు కుదించాయి. ఓస్లో నడిబొడ్డున పార్కింగ్ స్థలాలు తీసేసింది. ఫలితం, 2019లో ఆ రెండు ఊళ్లలోనూ ఒక్క పాదచారి కూడా చనిపోలేదు. అక్కడ నడిచేవాళ్లకు ఇక క్రమశిక్షణ నేర్పేదెవరో నాకు అర్థం కావడం లేదు.

కాబట్టి మనకు ఆచరణీయమైన దారి ఒకటే కనిపిస్తోంది. పక్కన పెట్టుకోమన్న జెండా తీయండి. అమెరికాలోని కర్క్‌లాండ్ అనే ఊళ్లో 1995లో, సాల్ట్ లేక్ సిటీలో 2000లో ఒక పథకం మొదలుపెట్టారు. రోడ్డుకు రెండువైపులా డబ్బాల్లో జెండాలు ఉంచుతారు. దాటేవాడు ఒక జెండా తీసుకుని, ఊపుకుంటూ దాటి, అవతలి డబ్బాలో వేయాలి. 1865లో బండి ముందు నడిచిన జెండా ఇన్నాళ్లకు సరైన చేతికి చేరింది. బర్కిలీలో కూడా 2001లో పెట్టి చూశారు. వాడేవాళ్లు తక్కువై, ఎత్తుకుపోయేవాళ్లు ఎక్కువై మూడేళ్లకు ఎత్తేశారు. అది జనం లోపం, జెండాది కాదు.

నేనైతే ప్రతి వీధిలో ఈ పథకం పెట్టాలని గట్టిగా కోరుతున్నాను. ఆచరణలో ఒక చిన్న చిక్కుంది, దాన్ని అధికారులు చూసుకుంటారు. పొద్దున్నే ఇళ్లన్నీ ఇటు, బడీ ఆఫీసులూ అటు కాబట్టి అందరూ ఇటునుంచి అటే దాటతారు. తొమ్మిదయ్యేసరికి ఇటువైపు డబ్బా ఖాళీ అయిపోతుంది. ఆ తర్వాత వచ్చిన మామ్మగారు కంగారు పడనక్కర్లేదు. జెండాలు బోలెడున్నాయి. రోడ్డు దాటి తెచ్చుకోవాలి, అంతే.